సముద్రం ఒడ్డు నుంచి తొరంగ్ లా దాకా: మూడు వారాల కొండ నడకకు ఎలా సిద్ధం కావాలి

నెల్లూరు సముద్రమట్టానికి ఇరవై మీటర్ల ఎత్తులో కూడా లేదు. నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ తిరిగే అన్నపూర్ణ సర్క్యూట్ దారి నడిచేవాళ్ళు దాటాల్సిన తొరంగ్ లా కనుమ 5,416 మీటర్ల ఎత్తులో ఉంది. మనలాంటి తీరప్రాంతం వాళ్ళు ఆ దారి పట్టాలంటే కాళ్ళలో బలం కంటే చేతిలో రోజులు ఎక్కువ ఉండాలి. నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట అదే. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

నేను మైపాడు వైపు రొయ్యల గుంటలు చేస్తాను. మా చుట్టుపక్కల ముక్తినాథ్ వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు చాలామందే ఉన్నారు. 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి పోఖరా నుంచి జీపులోనో, జోమ్‌సోమ్ దాకా చిన్న విమానంలోనో వెళ్ళి దర్శనం చేసుకుని వస్తారు. అదే ముక్తినాథ్‌కి కొండ అవతలి నుంచి, మనాంగ్ లోయలో నడుచుకుంటూ, కనుమ దాటి దిగాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నడకే రెండు వారాలు. తిలిచో సరస్సు కూడా చూడాలనుకుంటే ఇంకో మూడు నాలుగు రోజులు పడుతుంది. ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే మూడు వారాలు దాటుతుంది. అన్ని రోజులు కుదరకపోతే వేరే చిన్న ట్రెక్ ఎంచుకోండి. ఇదే దారిని పది రోజులకు కుదించి చేయాలని మాత్రం చూడకండి.

ఎత్తు ఏం చేస్తుంది

పైకి వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతుందని అందరూ అంటారు. నిజానికి గాలిలో దాని వాటా ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. మనాంగ్ ఊరు 3,540 మీటర్ల దగ్గర ఉంది. అక్కడ ఒక్కో ఊపిరికి మనకు అందేది నెల్లూరులో అందే ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులు. తొరంగ్ లా దగ్గర అది సగానికి కాస్త పైన. ఆ తేడాని శరీరం సర్దుకోగలదు గానీ దానికి టైం కావాలి. ముందు ఊపిరి వేగం పెరుగుతుంది. దానివల్ల రక్తంలో వచ్చే మార్పుని సరిచేయడానికి మూత్రపిండాలకు రోజులు పడుతుంది. అందుకే పైన మాటిమాటికీ ఒంటేలుకి వెళ్ళాల్సి వస్తుంది. అది మంచి సూచనే.

గుంటల్లో సీడ్, అంటే రొయ్య పిల్ల, వదిలేవాళ్ళకి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. హేచరీ నుంచి వచ్చిన బ్యాగుల్ని నేరుగా గుంటలో కుమ్మరించం. ముందు నీళ్ళ మీద తేలేస్తాం, తర్వాత గుంట నీళ్ళు కొంచెం కొంచెంగా బ్యాగులో కలుపుతాం, పిల్ల హుషారుగా తిరుగుతుందా లేదా చూసి అప్పుడు వదులుతాం. తొందరపడి ఒక్కసారే వదిలితే తెల్లారేసరికి సగం పిల్ల అడుగున ఉంటుంది. ఎంత మంచి హేచరీ సీడ్ అయినా ఈ పద్ధతి తప్పదు. మనిషి కూడా అంతే. రోజూ పరుగెత్తేవాడికీ, ఇరవై ఏళ్ళ కుర్రాడికీ ఎత్తు దగ్గర ఏ మినహాయింపూ లేదు. పైగా వాళ్ళు వేగంగా నడిచేస్తారు కాబట్టి ముందు పడిపోయేది కూడా చాలాసార్లు వాళ్ళే.

పాటించాల్సిన సూత్రం ఇది: 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్న పడుకున్న చోటు కంటే 500 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. ప్రతి మూడు నాలుగు రోజులకోసారి ఒకేచోట రెండు రాత్రులు ఉండాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కినా పర్వాలేదు, నిద్ర మాత్రం కిందే. ట్రెక్ ప్లాన్ రాసుకునేటప్పుడు రోజుకి ఎన్ని కిలోమీటర్లని కాకుండా, ఏ రాత్రి ఎన్ని మీటర్ల దగ్గర నిద్ర అని రాసుకోండి. నేను చిన్న డైరీలో ఊరి పేరు, ఎత్తు, తేదీ మాత్రమే రాసుకుంటాను. అంతకంటే పెద్ద ప్లాన్ అక్కర్లేదు.

రాత్రి మజిలీలు

ఈ దారి మొదలయ్యే బెసిసహర్ దాదాపు 760 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి ఇప్పుడు మనాంగ్ దాకా జీపు రోడ్డు పడింది. సెలవులు తక్కువ ఉన్నవాళ్ళు ఒకటిన్నర రోజులో జీపులో మనాంగ్ చేరి, మర్నాడే పైకి నడవడం మొదలుపెడతారు. దయచేసి ఆ పని చేయకండి. ధారాపాని (1,860 మీటర్లు) దాకా జీపులో వెళ్ళండి, తప్పు లేదు. ఆ కింది దారి సగం దుమ్ము రోడ్డే. ధారాపాని నుంచి మాత్రం నడవాలి.

తర్వాత చామే, 2,670 మీటర్లు. అక్కడి నుంచి ఎగువ పిసాంగ్, 3,300. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. నది పక్కన రోడ్డు వెంట వెళ్తే సులువుగా మనాంగ్ చేరొచ్చు. నేను చెప్పేది కొండ మీది దారి పట్టమని. ఘ్యారు ఊరికి ఎక్కే మలుపులు ఊపిరి తీసేస్తాయి. కానీ ఆ రాత్రి నావల్‌లో, 3,660 మీటర్ల దగ్గర పడుకుని మర్నాడు మనాంగ్‌కి కిందికి దిగుతారు. శరీరానికి ఇంతకంటే మంచి అభ్యాసం ఆ దారిలో దొరకదు. పైగా అన్నపూర్ణ 2, గంగాపూర్ణ శిఖరాలు ఎదురుగా నిలబడి ఉంటాయి. రోడ్డు మీద నడిచేవాళ్ళకు అంత బాగా కనిపించవు.

మనాంగ్‌లో కనీసం రెండు రాత్రులు ఉండాలి, మూడైతే ఇంకా మంచిది. ఊరికే గదిలో పడుకోకండి. పగలు పైకి ఎక్కి దిగండి. ఐస్ లేక్ అని పిలిచే కిచో తాల్ 4,600 మీటర్ల దగ్గర ఉంది. అంత దూరం పోలేకపోయినా సగం దాకా ఎక్కి వచ్చినా లాభమే. మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ వైద్య శిబిరం ఉంది. 1973లో మొదలైన సంస్థ అది. సీజన్‌లో డాక్టర్లు మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బుల గురించి ఉచితంగా మాట్లాడతారు. ఎంత అలసిపోయినా వెళ్ళి వినండి. భాష ఇంగ్లీషే అయినా నిదానంగా చెబుతారు. ఎవరి దగ్గర ఏ మందులున్నాయో, ఏది ఎప్పుడు వాడాలో అడిగితే విసుక్కోకుండా చెబుతారు.

తిలిచో సరస్సు (4,919 మీటర్లు) చూడాలనుకుంటే మనాంగ్ నుంచే పక్కకు తిరగాలి. 500 మీటర్ల సూత్రం తప్పకుండా మధ్యలో ఒక రాత్రి ఆగి, బేస్ క్యాంప్ దగ్గర దాదాపు 4,150 మీటర్లలో పడుకుని, తెల్లవారుజామున సరస్సుకి ఎక్కి, అదే రోజు దిగిపోవాలి. ఆ దారిలో పలకరాళ్ళు జారే వాలు ఒకటి దాటాలి. మధ్యాహ్నం గాలి లేచాక పైనుంచి రాళ్ళు దొర్లుతాయి కాబట్టి దాన్ని పొద్దున్నే దాటేయాలి. అక్కడ ఫోటోలకు ఆగకూడదు.

ఆ తర్వాత యాక్ ఖర్కా, దాదాపు 4,050. ఆ పైన తొరంగ్ ఫేదీ, సుమారు 4,500. ఫేదీ మీద ఇంకో గంటన్నర నిటారుగా ఎక్కితే 4,900 మీటర్లకు దగ్గరగా హై క్యాంప్ ఉంది. కనుమ దాటే రోజు ఎక్కాల్సింది తగ్గుతుందని చాలామంది అక్కడ పడుకుంటారు. నా అభిప్రాయంలో సముద్రతీరం నుంచి వచ్చినవాళ్ళకు ఫేదీయే మేలు. హై క్యాంప్‌లో నిద్ర పట్టదు, రాత్రి తలనొప్పి మొదలైతే చీకట్లో ఆ నిటారు దారి దిగడం ఇంకా కష్టం.

పక్కవాడిని గమనించడం

తలనొప్పి, దానికి తోడు ఆకలి లేకపోవడం, వికారం, బాగా నీరసం, తల తిరగడం. ఎత్తు మీద ఇవి కనబడితే, వేరే కారణం గట్టిగా తెలిస్తే తప్ప, ఎత్తు జబ్బే అనుకోవాలి. జలుబు చేసిందేమో, నిన్న తిన్నది పడలేదేమో అని సర్దిచెప్పుకోకూడదు. లక్షణాలుంటే ఆ రోజు పైకి కదలకూడదు. అక్కడే ఉండి తగ్గితే సరే. పెరిగితే దిగాలి. ఇక్కడ మొహమాటానికి చోటు లేదు.

మా బావమరిది నాతో వచ్చాడు. యాక్ ఖర్కా చేరిన సాయంత్రం లాడ్జిలో పొయ్యి చుట్టూ కూర్చుని ఉన్నాం. పళ్ళెంలో వేడి వేడి దాల్ భాత్ పెట్టుకుని వాడు చెంచాతో కెలుకుతున్నాడే గానీ ఒక్క ముద్ద నోట్లో పెట్టలేదు.

"ఏందిరా, తినవే?" అన్నాను.

"ఏం లేదు బావా, ఆకలి లేదు."

పగలంతా నడిచిన మనిషికి ఆకలి లేకపోవడం ఏంటని పరిశీలనగా చూశాను. ఉన్ని టోపీ కింద కణతలు మాటిమాటికీ నొక్కుకుంటున్నాడు. "తలనొప్పి ఎప్పట్నించి?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. "పొద్దున్నించే బావా. చెబితే నువ్వు గూడా ఆగిపోవాలని..." అన్నాడు.

లేపి వరండాలోకి తీసుకెళ్ళాను. నేల పలకల మధ్య గీత మీద, ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్ళు ఆనేలా పది అడుగులు వేయమన్నాను. తూలకుండా నడిచాడు. పేరు, ఊరు, మనం ఎక్కడున్నాం అన్నీ సరిగ్గా చెప్పాడు. తూలి ఉంటే, మాట తడబడి ఉంటే, తెల్లారేదాకా ఆగేవాళ్ళం కాదు, టార్చి వేసుకుని దించేసేవాళ్ళం. అది మెదడు వాచిందని గుర్తు. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు ఎక్కువై నురగగానో గులాబీ రంగులోనో కఫం పడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు. ఈ రెండింటికీ అసలు మందు కిందికి దిగడమే. గంటల్లో ప్రాణం పోవచ్చు కాబట్టి హెలికాప్టర్ వచ్చేదాకా ఆగి చూద్దామని కూర్చోకుండా, దిగగలిగితే దిగుతూనే ఉండాలి.

మర్నాడు వాడికి వాంతి కూడా అయింది. ఇక చర్చ లేదు. మనాంగ్‌కి దిగాం, డాక్టరుకి చూపించాం, పూర్తిగా తేరుకునేదాకా ఆగాం, మళ్ళీ నిదానంగా ఎక్కాం. ఇద్దరం కలిసే కనుమ దాటాం. డైరీలో ముందే ఖాళీ రోజులు ఉన్నాయి కాబట్టి ఇదంతా గొడవ లేకుండా జరిగింది.

అందుకని జంటగానో, గుంపుగానో వెళ్ళేటప్పుడు ఇంటి దగ్గరే ఒక మాట అనుకోండి: ఎవరికి బాగా లేకపోయినా దాచకూడదు, ఒకరి కోసం ఆగితే ఇంకొకరు సణగకూడదు. రోజూ రాత్రి భోజనం దగ్గర ఒకరినొకరు అడగాలి. తలనొప్పి ఉందా, తిన్నావా, నిద్ర పట్టిందా. నిద్రలో ఊపిరి కాసేపు ఆగి, గబగబా పీల్చుకున్నట్టు అయి మెలకువ వస్తుంటే భయపడకండి. ఎత్తు మీద చాలామందికి అలాగే అవుతుంది.

కరోనా టైంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే తీసుకెళ్ళండి. కానీ దాని అంకె మీదే ఆధారపడకండి. చేతులు చల్లగా ఉంటే తప్పు చూపిస్తుంది. పైన ఎనభైల్లో చూపించడం చాలామందికి మామూలే. మనిషి ఎలా ఉన్నాడన్నదే ముఖ్యం.

మందుల విషయం మీ డాక్టరుతోనే మాట్లాడండి. ఎసిటజోలమైడ్, డయామాక్స్ పేరుతో దొరుకుతుంది. ముందు జాగ్రత్తగా సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఇస్తారు, ఎత్తు ఎక్కే ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. వేళ్ళు తిమ్మిరెక్కినట్టు అనిపిస్తుంది, మూత్రం ఎక్కువ వస్తుంది. ఇంటి దగ్గరే రెండు రోజులు వేసుకుని చూస్తే పడుతుందో లేదో తెలుస్తుంది. అది వేసుకున్నా నెమ్మదిగా ఎక్కే నియమం మారదు. మద్యం, నిద్రమాత్రలు వద్దు, రెండూ నిద్రలో ఊపిరిని తగ్గిస్తాయి. నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు గుండె పరీక్ష చేయించుకుని వెళ్ళండి. ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని గడ్డకట్టకుండా లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోవాలి.

మన తుపాను, వాళ్ళ మంచు

ట్రెక్‌కి అక్టోబరు, నవంబరు మంచి నెలలని ఏ పుస్తకం చూసినా ఉంటుంది. వర్షాలు వెనక్కి పోయి ఆకాశం తేటగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ కూడా మంచివే, కనుమ మీద మంచు మాత్రం ఇంకా ఉండొచ్చు. అయితే మనవాళ్ళకు అక్టోబరు అనగానే ఇంకో సంగతి గుర్తు రావాలి. బంగాళాఖాతంలో తుపాన్లు మొదలయ్యే కాలం అదే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. విశాఖలో చెట్లు, స్తంభాలు, ఇళ్ళ కప్పులు ఏమయ్యాయో మనందరం టీవీల్లో చూశాం. ఆ తుపాను బలహీనపడుతూ ఉత్తరానికి పోయి రెండు రోజుల్లో హిమాలయాలను తాకింది. అక్టోబరు 14న తొరంగ్ లా చుట్టుపక్కల గంటల వ్యవధిలో నిలువెత్తు మంచు కురిసింది. ట్రెకర్లు, గైడ్లు, పోర్టర్లు, అక్కడి పశువుల కాపర్లు కలిపి కనీసం 43 మంది చనిపోయారు. కనుమ మీద మంచు తుపానులో చిక్కుకుని, దారి కనబడక, దిగుదామని బయల్దేరినవాళ్ళు ఎందరో అందులో ఉన్నారు.

ఇది చదివినప్పుడు నాకు మనసులో చాలా బాధ కలిగింది. మనం తీరంలో రోజుల తరబడి చూస్తూ ఉన్న తుపాను అది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అని వాతావరణ శాఖ రోజూ చెబుతూనే ఉంది. గుంటల కట్టలు గట్టి చేసుకోవడానికి మేం చూసే ఆ బులెటిన్లే కొండ మీది మనిషికీ పనికొస్తాయి. కాబట్టి సిగ్నల్ దొరికిన ప్రతి ఊళ్ళో భారత వాతావరణ శాఖ వెబ్‌సైటు తెరిచి బంగాళాఖాతం చూడండి. అండమాన్ దగ్గర వాయుగుండం పుట్టి ఆంధ్ర, ఒడిశా తీరం వైపు వస్తోందంటే మనాంగ్ దాటకండి. తీరం దాటి, బలహీనపడి, పైన ఆకాశం తేటపడ్డాక కూడా కొత్త మంచు కుదురుకోవడానికి రోజో రెండు రోజులో ఇచ్చి, లాడ్జివాళ్ళని, అవతలి వైపు నుంచి వచ్చినవాళ్ళని అడిగి కదలండి. ఇంట్లో ఎవరికైనా ఈ పని అప్పగించినా మంచిదే. మా ఇంట్లో మా అబ్బాయి రోజూ సాయంత్రం ఒక మెసేజ్ పెట్టేవాడు.

ఇంకో మాట. అవే వారాల్లో మన జిల్లాలోనూ ఈశాన్య రుతుపవనాల వానలు దంచికొడతాయి. గుంటల్లో పంట ఉండగా మూడు వారాలు ఊరు వదిలితే మనసంతా ఇక్కడే ఉంటుంది. రొయ్యల పట్టుబడి అయ్యి, గుంటలు ఖాళీగా ఉన్నప్పుడే బయల్దేరండి. వరి వేసేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

నెల్లూరులో ఉండి సాధన చేయడం

ఇక్కడ ఎంత నడిచినా ఎత్తుకు అలవాటు పడలేం. కానీ కాళ్ళు, భుజాలు, పాదాలు గట్టిపడతాయి. రోజూ ఆరేడు గంటలు, వరసగా రెండు వారాలు నడవాలి కాబట్టి ఆ పని ఇక్కడే అయిపోవాలి. ఆరు నెలల ముందు మొదలుపెడితే హాయిగా ఉంటుంది.

మొదటి రెండు నెలలు ఊరికే నడక. ఎండాకాలంలో ఐదు గంటలకే లేచి ఏడున్నరకల్లా ఇంటికి చేరాలి. రోహిణి కార్తెలో వీరత్వం చూపించొద్దు. మైపాడు బీచ్‌లో మెత్తటి ఇసకలో బూట్లతో నడిస్తే చీలమండలు బాగా గట్టిపడతాయి. తర్వాత వారానికోసారి కొండ. నెల్లూరు దగ్గర నరసింహకొండ చిన్నదే గానీ ఒకే పొద్దున నాలుగైదు సార్లు ఎక్కి దిగితే సరిపోతుంది. పెంచలకోన వెలిగొండల్లో ఒక రోజు గడపండి. ఉదయగిరి దుర్గం దాదాపు మూడు వేల అడుగులుంటుంది. కోట దాకా ఎక్కడం, రాళ్ళ దారిలో దిగడం అచ్చం పనికొచ్చే సాధన. ఒంటరిగా వెళ్ళకండి, దారి తెలిసిన ఊరివాళ్ళని తీసుకెళ్ళండి, నీళ్ళు ఎక్కువ మోయండి. ప్రకాశం జిల్లా వాళ్ళకు భైరవకోన చుట్టూ ఉన్న నల్లమల కొండలు ఉన్నాయి.

చివరి రెండు నెలలు తిరుమల మెట్లు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, అలిపిరి 3,550. ఏడెనిమిది కిలోల సంచి వీపున వేసుకుని ఎక్కండి. అందరూ ఎక్కి బస్సులో దిగుతారు. మీరు మెట్ల మీదే దిగండి. తొరంగ్ లా దాటిన రోజు ముక్తినాథ్‌కి 1,600 మీటర్ల దాకా ఒకే రోజు దిగాలి. ఎక్కడానికి కావలసిన దమ్ము వేరు, దిగడానికి తొడ కండరాలకు కావలసిన ఓర్పు వేరు. మోకాళ్ళ నొప్పులతో ఏడ్చేవాళ్ళంతా దిగడం సాధన చేయనివాళ్ళే.

సంచిలో ఏముండాలి

బూట్లు మాత్రం ఇక్కడే కొని కనీసం రెండు నెలలు వాడాలి. మనం ఏడాదంతా చెప్పులేసుకుని తిరుగుతాం కాబట్టి పాదం ముందువైపు వెడల్పుగా ఉంటుంది. సాయంత్రం పూట, మందపాటి సాక్సు వేసుకుని, మామూలు సైజు కంటే ఒకటి ఎక్కువ చూసుకోండి. వాలు మీద నిలబడి బొటనవేలు ముందు తగులుతోందా చూడండి. తగిలితే దిగేటప్పుడు గోళ్ళు నల్లబడతాయి. బయల్దేరే ముందు గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి. మడమ మీద వేడిగా అనిపించిన క్షణంలోనే ఆగి ప్లాస్టర్ వేయాలి. బొబ్బ లేచాక వేసినా పెద్ద ప్రయోజనం ఉండదు.

బట్టల్లో నూలు వద్దు. చెమటకు తడిసిన నూలు బనియన్ గాలి తగిలితే ఒళ్ళంతా చల్లబరిచేస్తుంది. లోపల చెమట ఆరిపోయే సింథటిక్ లేదా ఉన్ని, దాని మీద ఫ్లీస్, ఆపైన గాలీ వానా ఆపే జాకెట్. ఈకల జాకెట్, స్లీపింగ్ బ్యాగ్ పోఖరాలోనో ఖాట్మండూ థమేల్‌లోనో అద్దెకు దొరుకుతాయి. కొనక్కర్లేదు. చేతులకు పల్చటి గ్లవ్స్ మీద మందపాటివి. మంచు మీద ఎండ కళ్ళను కాల్చేస్తుంది కాబట్టి యూవీ ఆపే మంచి కళ్ళజోడు తప్పనిసరి, పోర్టర్‌కి కూడా ఒకటి తీసుకెళ్ళండి. రెండు కర్రలు, హెడ్ టార్చి, బ్యాటరీలు.

పోర్టర్‌ని పెట్టుకోవడానికి సంకోచించకండి. అది వాళ్ళ బతుకుతెరువు. కానీ ఒక మనిషి చేత 30 కిలోల కంటే ఎక్కువ మోయించకూడదు, సొంత సామాను కలిపే ఆ లెక్క. అతనికి మంచి బూట్లు, చలి బట్టలు, బీమా ఉన్నాయా అని ముందే కనుక్కోండి. అతనికి జబ్బు చేస్తే ఒంటరిగా కిందికి పంపేయకండి. మీకు ఎలా చేయాలనుకుంటారో అతనికీ అలాగే చేయాలి. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెకర్లకు గైడ్ ఉండాలని నేపాల్ నిబంధన పెట్టింది. నిబంధన సంగతి ఎలా ఉన్నా మొదటిసారి వెళ్ళేవాళ్ళు గైడ్‌ని పెట్టుకోండి.

కాగితాలు పెద్ద విషయం కాదు. మనకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు చాలు. అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతం పర్మిట్ పోఖరాలో తీసుకోవచ్చు, సార్క్ దేశాల వాళ్ళకు రుసుము తక్కువ. మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు. కొండ మీద ఏటీఎంలను నమ్ముకోకుండా నగదు కిందే మార్చుకోండి. బీమా తీసుకునేటప్పుడు మాత్రం రెండు వాక్యాలు వెతకండి: 5,500 మీటర్లకు పైదాకా ట్రెకింగ్ వర్తిస్తుందా, హెలికాప్టర్ రెస్క్యూ ఉందా. ఈ రెండూ లేకపోతే ఆ పాలసీ మీకు పనికిరాదు.

తిండికి కొరత ఉండదు. లాడ్జీల్లో దాల్ భాత్ అడిగినంత వడ్డిస్తారు. పైకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకుండా వండిన అన్నం పలుకు తేలుతుంది. మనాంగ్ దాటాక మాంసం వద్దు, రోజుల తరబడి మోసుకొచ్చింది అయి ఉంటుంది. కందిపొడి, చింతకాయ పచ్చడి చిన్న డబ్బాలో పెట్టుకోండి. ఆకలి చచ్చిపోయిన రోజున నాలుగు ముద్దలు దిగేది వాటితోనే. సున్నుండలు ఎత్తు మీద బంగారం. రోజుకి మూడు నాలుగు లీటర్లు తాగండి. ప్లాస్టిక్ బాటిళ్ళు కొనకుండా క్లోరిన్ మాత్రలు వాడండి.

కనుమ దాటే రోజు

ఫేదీ నుంచి తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నరకి బయల్దేరాలి. పది దాటాక పైన గాలి లేస్తుంది, దాంట్లో నిలబడటమే కష్టం. ముందురోజు రాత్రే బాటిల్ నిండా వేడినీళ్ళు పోయించి, సాక్సులో చుట్టి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి. కాళ్ళు వెచ్చగా ఉంటాయి, పొద్దునకి తాగడానికి గడ్డకట్టని నీళ్ళు ఉంటాయి. ఫోను, టార్చి బ్యాటరీలు కూడా లోపలే. నడిచేటప్పుడు బాటిల్‌ని తలకిందులుగా పెట్టండి. గడ్డ పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్ళు పారుతూ ఉంటాయి.

నడక ఎంత నెమ్మదిగా అంటే, పక్కవాడితో వాక్యం మధ్యలో ఆగకుండా మాట్లాడగలగాలి. అడుగుకో ఊపిరి. ఇరవై అడుగులు గబగబా వేసి ఆగి రొప్పడం కంటే, ఆగకుండా చిన్న చిన్న అడుగులు వేస్తే తొందరగా చేరతారు. కనుమ ముందు అదే శిఖరం అనిపించే గుట్టలు చాలా వస్తాయి. వాటిని లెక్కపెట్టకండి. పైకి నాలుగైదు గంటలు పడుతుంది. పైన రంగు జెండాలు, బోర్డు, సీజన్‌లో టీ కొట్టు ఉంటాయి. ఫోటో తీసుకుని, ఏదైనా తిని, అరగంటలో దిగడం మొదలుపెట్టండి. తొమ్మిదింటికి మబ్బు కమ్మి దారి కనబడకపోతే, సగంలో ఉన్నా వెనక్కి తిరగండి.

దిగేటప్పుడు మంచు గట్టిపడి జారుడుగా ఉంటే బూట్లకు తగిలించుకునే ముళ్ళ పట్టీలు కావాలి. వాటిని మనాంగ్‌లోనే అడిగి తీసుకోండి. ముక్తినాథ్ సాయంత్రానికి చేరతారు. గుడిలో 108 ధారలు ఉన్నాయి, వాటి కింద తడవాలని ప్రతి ఒక్కరికీ ఉంటుంది. చేరిన సాయంత్రమే వద్దు. అలసిపోయిన ఒంటికి ఆ మంచునీళ్ళు, ఆ గాలి ప్రమాదం. రాత్రి బాగా తిని పడుకుని, మర్నాడు ఎండెక్కాక ధారల కింద తడిసి, వెంటనే తుడుచుకుని పొడిబట్టలు వేసుకుని దర్శనం చేసుకోండి. పక్కనే జ్వాలామాయి గుడిలో నీటి దగ్గర సహజవాయువుతో వెలిగే మంట కూడా చూడొచ్చు.

అక్కడి నుంచి జోమ్‌సోమ్ మీదుగా జీపులో పోఖరా దిగిపోవచ్చు. కాలినడకే కావాలంటే మార్ఫా, తాతోపాని మీదుగా ఘోడేపాని దాకా నడవండి. కాళీగండకి లోయలో పదకొండు దాటితే ఎదురుగాలి, దుమ్ము విపరీతం, కాబట్టి పొద్దున్నే నడక ముగించాలి. జోమ్‌సోమ్ విమానాలు కూడా ఆ గాలి వల్లే ఉదయం పూట మాత్రమే ఎగురుతాయి, వాతావరణం బాగా లేకపోతే అవీ రద్దవుతాయి.

తిరుగు ప్రయాణం గోరఖ్‌పూర్ నుంచి రైల్లో అయితే సునౌలీ సరిహద్దు దాటి రావాలి. విజయవాడ మీదుగా వచ్చే రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ రోజూ ఉండదు. టికెట్ ఉన్న తేదీకల్లా దిగాలన్న టెన్షన్‌లో జనం మనాంగ్‌లో ఆగాల్సిన రోజు ఆగరు. అందుకని మీ డైరీలో నడక అయిపోయే తేదీ తర్వాత నాలుగు రోజులు వదిలి ఒక టికెట్, వారం వదిలి ఇంకో టికెట్ తీసుకోండి. అక్కర్లేనిది పోఖరా చేరాక క్యాన్సిల్ చేసుకోవచ్చు.